అక్క పెళ్లి డీవీడీలు, హ్యాండ్‌బ్రేక్, నా నాలుగు వారాలు

పెళ్లి వీడియోలో మిగతా ఘట్టాలన్నీ ఒక ఎత్తు, తలంబ్రాలు ఒక ఎత్తు. పాత వీడియోని కంప్యూటర్లో కొత్త ఫైలుగా మార్చడానికి కూర్చున్నప్పుడు నాకిది బాగా తెలిసొచ్చింది. అప్పటిదాకా పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుంటుంది, పంతులుగారు మంత్రం చదువుతుంటారు, తెర మీద పెద్దగా కదిలేదేమీ ఉండదు. ఇద్దరూ దోసిళ్లు ఎత్తగానే పసుపు బియ్యం, రంగురంగుల థర్మాకోల్ పూసలు వందల కొద్దీ నాలుగు వైపులా ఎగురుతాయి. ఏ కన్వర్టర్ సత్తా ఎంతో ఆ పది సెకన్లలో బయటపడుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ గురించి నేను రాస్తున్నదంతా దాదాపు ఆ పది సెకన్ల చుట్టూనే తిరుగుతుంది.

నేను కాకినాడలో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అక్క పెళ్లి 2005 మేలో పెద్దాపురంలో, మా ఇంటి ముందు వేసిన పందిట్లో, రాత్రి రెండున్నర దాటాక వచ్చిన ముహూర్తానికి జరిగింది. నాన్న 2011లో పోయారు. ఆయన గొంతు వినబడే వీడియో మా దగ్గర ఇదొక్కటే. అదీ అప్పగింతల దగ్గర, తొమ్మిది సెకన్లు. వీడియోగ్రాఫర్ ఇచ్చిన రెండు డీవీడీలు అమ్మ బీరువాలో చీరల మధ్య ఉండేవి. అక్క ఇప్పుడు డల్లాస్‌లో ఉంటుంది. "పెళ్లై ఇరవై ఏళ్లవుతోందే, పిల్లలు తాతయ్యని ఒక్కసారైనా చూడాలి, ఫైలు చేసి పంపవే" అని మార్చిలో ఫోన్ చేసింది.

ముందు ఊళ్లో ఒక షాపుకి ఇచ్చాను. డిస్కుకి 600 చొప్పున తీసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. ఇంటికొచ్చి టీవీకి పెట్టి చూస్తే మనుషులందరూ అడ్డంగా సాగిపోయి ఉన్నారు. నాన్న సన్నటి మనిషి, కోలముఖం. అందులో ఆయన ముఖం గుండ్రంగా ఉంది. ఎవరు చెయ్యి కదిపినా అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు. తలంబ్రాల దగ్గరైతే పసుపు రంగు ముద్ద తప్ప ఒక్క గింజ కనబడలేదు. తిరిగి వెళ్లి అడిగితే "పాత డీవీడీలు అలాగే ఉంటాయండీ" అన్నారు. అదే డిస్కుని మా పాత బాక్స్ టీవీలో ఎన్నిసార్లు చూశామో నాకు గుర్తుంది. అలా ఉండేది కాదు. తర్వాత ఒక ఆన్‌లైన్ కన్వర్టర్‌లో చిన్న ముక్క వేసి చూశాను. అది వాటర్‌మార్క్ కొట్టింది, సరిగ్గా నాన్న నుదుటి మీద. పైగా ఇంటి ఆడవాళ్లందరూ ఉన్న వీడియోని ఎవరివో తెలియని సర్వర్లకు ఎక్కించానన్న టెన్షన్ రెండు రోజులు వదల్లేదు. అప్పుడు తమ్ముడు చెప్పాడు, "చిన్నక్కా, హ్యాండ్‌బ్రేక్ వేసుకో, అంతా నీ కంప్యూటర్లోనే జరుగుతుంది" అని.

హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా ఉచితం. డబ్బులు కట్టే 'ప్రో' వెర్షన్ అంటూ లేదు, ప్రకటనలు లేవు, వాటర్‌మార్క్ లేదు. ఎరిక్ పెటీ అనే ప్రోగ్రామర్ 2003లో బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలుపెట్టాడు. తర్వాత స్వచ్ఛందంగా పనిచేసే వాళ్లు అందుకుని ముందుకు నడిపించారు. ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. 1.0 అన్న అంకె వేసుకోవడానికి వాళ్లు 2016 డిసెంబర్ 24 దాకా, అంటే పదమూడేళ్లు ఆగారు. తొందరపడి గొప్పలు చెప్పుకోని ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. నేను వాడింది 1.9 వెర్షన్, విండోస్ మీద. గుర్తు అనాసపండు, పక్కన ఒక గ్లాసు.

దించుకునేటప్పుడు మాత్రం హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్‌ఆర్ అన్న సొంత సైటు నుంచే దించుకోండి. వెతికితే ఇలాంటి పేర్లతోనే వేరే సైట్లు వస్తాయి. 2017 మే మొదటి వారంలో వాళ్ల డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోకే దొంగలు చొరబడి, మ్యాక్ ఫైలు స్థానంలో ప్రోటాన్ అనే వైరస్ ఉన్న ఫైలు పెట్టారు. ఆ సంగతి వాళ్లే బయటపెట్టి, ఎలా సరిచూసుకోవాలో చెప్పారు. ఫైలుతో పాటు సైట్లో ఇచ్చే చెక్‌సమ్‌ని, అంటే ఫైలు మారలేదని తేల్చే అంకెని, పోల్చి చూసుకోవడం రెండు నిమిషాల పని. విండోస్‌లో డాట్‌నెట్ డెస్క్‌టాప్ రన్‌టైమ్ అనే సహాయక సాఫ్ట్‌వేర్ లేకపోతే ముందు అది వేసుకోమంటుంది, అదీ ఉచితమే.

నా ల్యాప్‌టాప్ ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. దానికి డీవీడీ డ్రైవ్ లేదు. స్కూల్లో కంప్యూటర్ సారు దగ్గర యూఎస్‌బీ డ్రైవ్ అడిగి తెచ్చుకున్నాను. డిస్కు పెట్టి హ్యాండ్‌బ్రేక్ తెరిస్తే మొదటి మాటే "నో వ్యాలిడ్ సోర్స్ ఆర్ టైటిల్స్ ఫౌండ్". ఈ మెసేజ్ చూసి చాలామంది సాఫ్ట్‌వేర్ పనిచెయ్యదని తీసేస్తారు. నిజానికి అది చెబుతున్నది ఒక్కటే: డిస్కు చదవలేకపోతున్నాను అని. సినిమా డీవీడీలైతే కాపీ రక్షణ వల్ల ఇలా వస్తుంది, దాన్ని హ్యాండ్‌బ్రేక్ తెరవదు. పెళ్లి డీవీడీలకు ఆ రక్షణ ఉండదు కాబట్టి మాది కేవలం మురికి. మెత్తటి నూలు గుడ్డ కాస్త తడిపి, మధ్య కన్నం దగ్గర నుంచి అంచు వైపు తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు. డేటా గుండ్రటి దారిలోనే రాసి ఉంటుంది, ఆ దారి వెంట గీత పడితే వరసగా చాలా పోతుంది. అడ్డంగా పడ్డ గీతని డ్రైవ్ ఎలాగో సర్దుకుంటుంది.

తుడిచాక డిస్కులోని వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని ముందు హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకున్నాను. మూడో వీఓబీ ఫైలు (డీవీడీలో వీడియో ఉండే ముక్క) దగ్గర చాలాసేపు నిలబడిపోయింది, డ్రైవ్ కీచుమంది, మళ్లీ తుడిచి పెడితే కదిలింది. ఇక్కడ ఒక పొరపాటు చేశాను, మీరు చెయ్యకండి. మొదటి వీఓబీ ఫైలుని మాత్రమే తెరిచి మార్చేశాను. ఇరవై ఏడు నిమిషాలకి, జీలకర్రబెల్లం ముందు, పంతులుగారి మాట మధ్యలో తెగిపోయింది. డీవీడీలో వీడియో ఒక్కో గిగాబైటు దగ్గర ముక్కలై ఉంటుంది. ముక్కలు విడివిడిగా తెరవకూడదు. సోర్స్ అడిగినప్పుడు 'ఫోల్డర్' అని ఎంచి వీడియో_టీఎస్ ఫోల్డర్‌నే చూపించాలి. అప్పుడు రెండు గంటల టైటిల్ ఒకటే వరసగా, చాప్టర్లతో సహా వచ్చింది.

ఇప్పుడు ఆ దువ్వెన పళ్ల సంగతి. నేను అందరికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే.

మన దేశంలో టీవీ పాల్ పద్ధతిలో నడిచింది. మన డీవీడీ బొమ్మ 720 అడ్డం, 576 నిలువు. సెకనుకి 25 ఫ్రేములు అంటారు గానీ, ఆ రోజుల్లో కెమెరా తీసింది సెకనుకి 50 సగం బొమ్మలు. ఒకసారి బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత సరి గీతలు. ఆ రెండు సగాల్నీ పక్కపక్కనే అల్లి ఒక ఫ్రేము చేసేవాళ్లు. బాక్స్ టీవీ కూడా అలాగే ఒక సగం తర్వాత ఒక సగం గీసేది కాబట్టి కంటికి హాయిగా ఉండేది. ఇప్పటి తెరలు ఫ్రేము మొత్తాన్ని ఒక్కసారే చూపిస్తాయి. అక్క చెయ్యి ఆ యాభయ్యో వంతులో రెండు వేళ్ల మందం కదిలితే, బేసి గీతల్లో చెయ్యి ఒకచోట, సరి గీతల్లో ఇంకోచోట ఉంటుంది. అంచు దువ్వెనలా కనబడేది అందుకే. షాపువాళ్లు ఈ అల్లికని విప్పకుండానే మార్చేశారు.

హ్యాండ్‌బ్రేక్ మామూలుగా ఇచ్చే ప్రీసెట్లలో, అంటే ముందే కూర్చి పెట్టిన సెట్టింగుల కట్టల్లో, దీన్ని కనిపెట్టి సరిచేసే డీకాంబ్ అనే ఫిల్టర్ ముందే పెట్టి ఉంటుంది. ఏమీ తాకకుండా స్టార్ట్ నొక్కినా గీతలు పోయాయి. ఆ ఒక్క పనితోనే షాపు ఫైలుకీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా వచ్చింది. కానీ తలంబ్రాలు ఇంకా బాగోలేదు. గింజలు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నాయి. కారణం, డీకాంబ్ రెండు సగాల్నీ కలిపి ఒక ఫ్రేము చేస్తుంది, అంటే సెకనుకి 25. కెమెరా పట్టుకున్న 50 క్షణాల్లో సగం పోయినట్టే.

ఫిల్టర్ల ట్యాబ్‌లో డీఇంటర్లేస్ (అల్లిక విప్పడం) దగ్గర బ్విడిఫ్ (Bwdif) అనే పద్ధతి ఎంచి, దాని పక్కన 'బాబ్' పెడితే ఒక్కో సగాన్నీ పూర్తి ఫ్రేముగా సాగదీసి సెకనుకి 50 ఇస్తుంది. పెట్టాను. ఏమీ మారలేదు. ఒక సాయంత్రమంతా పోయింది. చివరికి చూస్తే నేను వాడుతున్న ప్రీసెట్ పేరులోనే ఉంది: 576పీ25. ఆ చివరి 25 అంటే సెకనుకి 25 ఫ్రేములకు మించి రానివ్వనని. బాబ్ 50 చేస్తుంటే ప్రీసెట్ సగం పారేస్తోంది. 1080పీ30 అన్న ప్రీసెట్‌తోనూ అదే గొడవ, అక్కడ 50ని 30కి కుదిస్తే కదలిక కుంటుతుంది. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 50, కాన్‌స్టంట్ అని మార్చాక మళ్లీ నడిపాను.

అప్పుడు చూశాను. బావ దోసిలి విప్పగానే ముందు పైనున్న గింజలు జారాయి. ఒక తెల్ల పూస అక్క బాసికం మీద పడి, ఎగిరి, కుడి భుజం మీద నుంచి కిందికి దొర్లింది. వెనక నాన్న నిలబడి ఉన్నారు, ఆయన భుజం మీది కండువా మీద నాలుగు గింజలు పడితే దులుపుకోలేదు. షాపు ఫైల్లో ఆ కండువా ఉన్నట్టే తెలియలేదు. ఆ పది సెకన్లు నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు.

ఇలా ప్రయోగాలు చేసుకోవడానికి ప్రతిసారీ రెండు గంటల వీడియో మార్చక్కర్లేదు. పైన 'రేంజ్' దగ్గర చాప్టర్లు తీసి సెకన్లు పెట్టి, కావలసిన ముక్క మొదలూ చివరా ఇస్తే అంతవరకే చేస్తుంది. నేను తలంబ్రాల ముక్క, అప్పగింతల ముక్క రెండే పెట్టుకుని సెట్టింగులన్నీ వాటి మీదే తేల్చుకున్నాను.

నాణ్యత తేల్చేది ఆర్‌ఎఫ్ అనే స్లయిడర్. ఇది తిరగేసి ఉంటుంది: అంకె తగ్గితే బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. లెక్కల టీచర్‌గా ఇంకో మాట చెప్పాలి. ఇది కూడికల స్కేలు కాదు, గుణకారాల స్కేలు. అంకె సుమారు ఆరు పెరిగితే ఫైలు సగమవుతుంది. డీవీడీ సైజు వీడియోకి 18 నుంచి 22 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ల సూచన. 22 దగ్గర మొదటి డిస్కు 1.5 జీబీ వచ్చింది, మంత్రాల దగ్గర తేడా తెలియలేదు గానీ తలంబ్రాల్లో గింజల చుట్టూ మరకలు కనబడ్డాయి. 18 దగ్గర 2.4 జీబీ, మరకలు లేవు. 18తోనే ఉండిపోయాను. దీనిలో ఉన్న గొప్పతనం ఏమిటంటే, ఫైలు సైజు ముందే బిగించకుండా నాణ్యత బిగిస్తాం. పంతులుగారు మంత్రం చదివే నిమిషాల్లో డేటా పొదుపు చేసి, దోసిళ్లు లేచిన సెకన్లలో దండిగా ఖర్చుపెడుతుంది. కదలిక ఎంత ఉన్నా ప్రతి సెకనుకీ ఒకే కొలత పోసే పద్ధతిలో మార్చిన ఫైళ్లలో తలంబ్రాలు ముద్దయ్యేది ఇక్కడే.

కోడెక్, అంటే వీడియోని కుదించే పద్ధతి, హెచ్.264 పెట్టాను. 2003లో వచ్చిన ప్రమాణం, అమ్మ ఇంట్లో ఉన్న పదేళ్ల పాత టీవీ కూడా ఆడుతుంది. హెచ్.265 పెడితే ఫైలు ఇంకా చిన్నదవుతుంది గానీ ఆ టీవీలో మాట వచ్చి బొమ్మ రాలేదు. ఎన్‌కోడర్ ప్రీసెట్ 'స్లో'.

రాత్రి తీసిన వీడియో కదా, నల్లటి చోట్ల ఇసక చల్లినట్టు నలుసులు ఉన్నాయి. డీనాయిస్‌లో ఎన్‌ఎల్‌మీన్స్ అనే ఫిల్టర్ పెట్టి చూశాను. మామూలుగా గంటన్నరలో అయ్యే డిస్కుకి అయిదున్నర గంటలు పట్టింది. నలుసులు పోయాయి. వాటితో పాటు మధుపర్కాల నేత పోయింది, నాన్న పంచె అంచు పోయింది, సగం బియ్యం గింజలు పోయాయి. ఆ ఫిల్టర్‌కి గింజకీ నలుసుకీ తేడా ఎలా తెలుస్తుంది? తీసేశాను. పాత ఇంటి వీడియోల్లో కాస్త నలుసు ఉంటేనే మేలని నా అభిప్రాయం.

ఇక వేడి, కరెంటు. ఎన్‌కోడింగ్ మొదలైతే ప్రాసెసర్ వందకి వంద శాతం పనిచేస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మంచం మీద పెట్టి నడిపితే మొదట సెకనుకి 70 ఫ్రేములు వెళ్తున్నది అరగంటలో 40కి పడిపోయింది. కంప్యూటర్ పాడైందనుకోకండి, వేడెక్కి తనంతట తాను నెమ్మదించింది. కింద గాలి ఆడేలా వంటింట్లోని స్టీలు కంచాల స్టాండు మీద పెట్టి, ఫ్యాన్ కింద జరిపితే మళ్లీ 65 దాటింది. త్వరగా కావాలంటే ఇంటెల్ చిప్‌లో ఉండే క్విక్‌సింక్ ఎంచుకోవచ్చు, అరగంటలోపే అయిపోతుంది. కానీ అదే సైజులో బొమ్మ కాస్త మెత్తబడుతుంది. ఫోన్లో తీసుకున్న మామూలు వీడియోలకు అది చాలు, దీనికి చాలదు.

ఒక సాయంత్రం ఎనభై శాతం దాటాక కరెంటు పోయింది. పూర్తి బరువు మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపని మోస్తుంది? ఆగిపోయింది. 1.9 జీబీ ఫైలు ఉంది, కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోలేదు. ఎంపీ4 ఫైలుకి విషయసూచిక లాంటిది ఒకటి ఉంటుంది, అది చివర్లో రాస్తారు. అది లేకపోతే లోపల బొమ్మంతా ఉన్నా ప్లేయర్‌కి దారి తెలియదు. హ్యాండ్‌బ్రేక్‌కి ఆగిన చోట నుంచి అందుకోవడం రాదు, మళ్లీ మొదటి నుంచే. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. అప్పటినుంచి పూర్తి వీడియోలు ఎంకేవీ అనే ఇంకో రకం ఫైల్లో పెడుతున్నాను, అందులో మధ్యలో తెగినా తెగినంత వరకు ఆడుతుంది. చిన్న క్లిప్పులకే ఎంపీ4.

ముఖాల ఆకారం తేలిగ్గానే సరయింది. షాపు ఫైల్లో బొమ్మ వెడల్పు టీవీ నిండా సాగిపోయింది. 720 బై 576 అన్న అంకెల్ని యథాతథంగా చూపిస్తే 5:4 అవుతుంది, అప్పుడు ముఖాలు సన్నబడతాయి. అసలు బొమ్మ 4:3. డీవీడీలో ఒక్కో చుక్క కొద్దిగా వెడల్పు అని ఫైల్లో రాసి ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకుంటే 768 బై 576. డైమెన్షన్స్ ట్యాబ్‌లో అనామార్ఫిక్ 'ఆటోమేటిక్'గా వదిలేస్తే హ్యాండ్‌బ్రేక్ ఆ సంగతి తానే చూసుకుంటుంది. అమ్మ టీవీ పెన్‌డ్రైవ్ ప్లేయర్ మాత్రం ఆ రాతని పట్టించుకోలేదు. దానికోసం అనామార్ఫిక్ ఆఫ్ చేసి, సైజునే 768 బై 576 అని ఇచ్చాను. నాన్న ముఖం కోలగా వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, రిమోట్ నా చేతికిచ్చి మళ్లీ మొదటినుంచి పెట్టమంది.

ఆడియో దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. అసలు శబ్దం చెడకూడదని డీవీడీలోని ఏసీ3 ఆడియోని మార్చకుండా 'పాస్‌త్రూ' పెట్టాను. కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఉంది. అప్పగింతల క్లిప్ అమ్మ ఫోన్‌కి పంపితే బొమ్మ ఉంది, మాట లేదు. నాన్న పెదవులు కదులుతున్నాయి, ఏమీ వినబడటం లేదు. అమ్మ తన ఫోనే పాడైందనుకుంది. చాలా ఫోన్లలో ఏసీ3ని విప్పే డీకోడర్ ఉండదు. ఆడియో ట్యాబ్‌లో మొదటి ట్రాకుగా ఫోన్లు ఆడగలిగే ఏఏసీ, 192 కేబీపీఎస్, రెండో ట్రాకుగా అసలు ఏసీ3 అలాగే పెట్టాను. ఇప్పుడు ఫోన్ మొదటిది తీసుకుంటుంది, దాచుకునే కాపీలో అసలుదీ ఉంటుంది. ఏఏసీ ట్రాకు దగ్గర శబ్దం పెంచే గెయిన్ అని ఒకటి ఉంది, దాన్ని 6 డెసిబెల్స్ పెంచాను. పాస్‌త్రూ ట్రాకు మీద గెయిన్ పనిచెయ్యదు, మార్చిన ట్రాకు మీదే పనిచేస్తుంది.

అక్క పిల్లలకి ఇక్కడి చుట్టాలు తెలియరు. అందుకని క్లిప్పులకి తెలుగు సబ్‌టైటిల్స్ రాశాను: "ఎడమ పక్క పెద్దత్తయ్య", "కొబ్బరిబొండం పట్టుకున్నది మేనమామ" ఇలా. నోట్‌ప్యాడ్‌లో ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్స్ రాసే) ఫైలు సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోండి. ఆన్సీ అని ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. నా మొదటి ఫైలు అలాగే పోయింది. సబ్‌టైటిల్స్ ట్యాబ్‌లో ఆ ఫైలు ఎక్కించి 'బర్న్ ఇన్' టిక్ పెడితే అక్షరాలు బొమ్మలోనే కలిసిపోతాయి. ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చున్నాయి, 'పెద్దత్తయ్య'లో ద, త, య ఒత్తులు మూడూ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒకసారి బర్న్ చేశాక చెరపలేం కాబట్టి అక్షరాలు లేని కాపీ విడిగా ఉంచుకోవాలి. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెడితే అమ్మ టీవీ డబ్బాలు చూపించింది.

ఫోన్ వీడియోల సంగతి రెండు ముక్కల్లో. ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేమ్‌రేట్ మార్చుకుంటూ తీస్తాయి, వాటిని ఎడిటింగ్‌లో వేస్తే మాట ముందూ పెదవి వెనకా అవుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ఒకసారి కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్‌తో మార్చుకుంటే ఆ బాధ పోతుంది. ఉట్టినే ముక్క కోసుకోవాలన్నా, ఎంకేవీని ఎంపీ4 చెయ్యాలన్నా దీన్ని వాడకండి. ఇది వీడియోని ప్రతిసారీ కొత్తగా ఎన్‌కోడ్ చేస్తుంది, ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. అలాంటి పనికి లాస్‌లెస్‌కట్ ఉంది, అదీ ఉచితమే, సెకన్లలో అవుతుంది. అసలు ఫైల్లో ఏముందో తెలియకపోతే ముందు మీడియాఇన్ఫోతో తెరిచి చూసుకోండి. సగం సమస్యలకి జవాబు అక్కడే ఉంటుంది.

మా వృత్తి అలవాటు కొద్దీ వందకి మార్కులు వేస్తాను: 88. ఆగిన చోట నుంచి అందుకోలేనందుకు అయిదు తీశాను, కరెంటు కోతలున్న ఊళ్లలో అది చిన్న లోటు కాదు. రెండు డిస్కుల్ని కలిపి ఒకే ఫైలు చెయ్యలేనందుకు నాలుగు. బాబ్ పెట్టినప్పుడు ప్రీసెట్‌లోని 25 దాన్ని మింగేస్తోందని ఒక్క మాట చెప్పనందుకు మూడు. ఇవి తప్ప, డబ్బులు పెట్టి కొన్న ఏ సాఫ్ట్‌వేరూ నాకు ఇంత మర్యాద ఇవ్వలేదు. ఏం చేస్తోందో, ఎందుకు ఆగిందో అన్నీ యాక్టివిటీ లాగ్‌లో అక్షరం వదలకుండా రాసిపెడుతుంది. వాళ్ల సహాయ పత్రాలు కూడా ఓపిగ్గా, అర్థమయ్యేలా రాసి ఉన్నాయి.

అప్పగింతల క్లిప్ అక్కకి పంపిన రోజు రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నేనూ విన్నాను. బ్యాండువాళ్ల మోతలో నాన్న "జాగ్రత్త తల్లీ" అంటున్నారని మేమంతా ఇరవై ఏళ్లుగా అనుకున్నాం. ఆయన అన్నది అది కాదు. "పెట్టెలో తాండ్ర పెట్టాను తల్లీ, రైల్లో తినండి" అన్నారు. అక్కకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "అది సామర్లకోట స్టేషన్లోనే అయిపోయిందే. ఎవరు పెట్టారో తెలియకుండానే తినేశాం."

రెండో డిస్కు ఇంకా క్యూలో ఉంది. పద్దెనిమిదో నిమిషం దగ్గర చదవడం లేదు, వేరే డ్రైవ్ దొరికితే మళ్లీ చూడాలి.